రేకులు కప్పిన తూర్పు గోడ

ఒసాకా తూర్పు పేటల్లో ఇల్లు కూల్చడం వేరు, ఇల్లు కోయడం వేరు. యుద్ధానికి ముందు కట్టిన వరస ఇళ్ళు అక్కడ సందుకొకటి ఇంకా నిలబడే ఉన్నాయి. పొడుగునా ఒకటే పైకప్పు, నడుమ వెదురు బద్దల మీద మట్టి మెత్తిన గోడలు, ఐదు గుమ్మాలు, ఐదు కుటుంబాలు. కాలం గడిచేకొద్దీ ఒకరు అమ్ముకుని వెళ్ళిపోతారు, ఒకరు కాలం చేస్తారు. పక్కవాళ్ళు మాత్రం కదలరు. అప్పుడు దూలాలను రంపంతో కోసి, పోయినవాళ్ళ వాటాను వరసలోంచి తప్పిస్తారు. మిగిలినవాళ్ళ పక్కగోడ అప్పుడు మొదటిసారి ఎండ మొహం చూస్తుంది. వెళ్ళిపోయినవాళ్ళ మెట్ల జాడ దాని మీద రంపపు పళ్ళలా పైకి పాకుతూ కనిపిస్తుంది. వంటింటి మసి, స్నానాల గది నీలం పలకలు నాలుగైదు, క్యాలెండరు వేలాడిన చోట తెల్లటి మచ్చ, అన్నీ వీధిన పడతాయి. మట్టిగోడ కాబట్టి ఒక్క పెద్ద వాన చాలు, కరిగి కూర్చుంటుంది. వాన రాకముందే దాన్ని కింది నుంచి పైదాకా రేకులతో కప్పాలి. మునెకత సుమియే బతికింది ఆ పనితోనే.

సుమియే ఒకచోట నిలిచే మనిషి కాదు. బడిలో కుదురుగా కూర్చోలేక పదహారేళ్ళకే తండ్రి గెన్‌జి వెనకాల నిచ్చెన పట్టుకుని నడిచింది. దీనికి దేవుడు కాళ్ళిచ్చాడు గాని కూర్చునే చోటు ఇవ్వడం మరిచిపోయాడని గెన్‌జి వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. నిచ్చెన మీద మాత్రం ఆమెకు తిరుగులేదు. గెన్‌జి ఒక రేకుకు మేకులు కొట్టేలోపు ఆమె రెండు కొట్టేది. భోజనానికి కూర్చున్నా సగం తిని లేచి, మిగతా సగం గోడ చూస్తూ నిలబడే తినేది.

ఆమెకు ఇరవయ్యారో ఏడు వచ్చిన వసంతంలో గెన్‌జి ఒక స్నానశాల కప్పు మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక ఆయన నిచ్చెన ఎక్కేది లేదని తేలిపోయింది. పనులు ఇప్పించే మేస్త్రీ ఇనుబుషి వచ్చి పరామర్శించి, వెళ్ళేముందు గుమ్మంలో సుమియేని ఆపాడు. ఫలానా సందులో హమాజీవాళ్ళ రెండు వాటాలు కోస్తున్నాం, మూడో వాటా గోడ కప్పాలి, చేస్తావా అని అడిగాడు. ఆడపిల్ల పేరు మీద పని ఇవ్వడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. సుమియే చెప్పులు వేసుకుంటూనే సరేనంది.

ఆ మూడో వాటా నోగివా ఫుసాది. ఆమెకు అప్పటికి అరవై రెండేళ్ళు. భర్త పోయాక గొడుగు గుడ్డలు కుట్టి బతుకుతోంది. ఎనిమిది ముక్కోణపు ముక్కలు కలిపి ఒక గొడుగు, రోజుకి నలభై గొడుగులు. ఇంటికి ఉత్తరాన సందు, దక్షిణాన పెరడును ఆనుకుని కార్ఖానా గోడ, అటూ ఇటూ పొరుగువాళ్ళ గోడలు. ఆ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా సాయంకాలంలాగే ఉండేది. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టాలంటే ట్యూబులైటు కింద తల వంచి కళ్ళు పొడుచుకోవాల్సిందే.

హమాజీల ఇంటిని కోసేటప్పుడు సమ్మెట తగిలి ఫుసా గోడలో ఒక మట్టిపెళ్ళ ఊడింది. అరచేతంత కంత పడింది. అందులోంచి మూడు రోజులపాటు పొద్దుటెండ లోపలికి వచ్చింది. సుమియే రేకులు దించుతుంటే ఫుసా బయటికి వచ్చి పక్కనే నిలబడింది. చేతిలో పాత కిటికీ చట్రం, దానికి గరుకు అద్దం. తుడిచి తెచ్చింది.

"అమ్మాయ్, ఆ కంత మూసెయ్యకు. దాన్నే కాస్త పెద్దది చేసి ఇది బిగించు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో నా మొహం నాకే సరిగ్గా కనపళ్ళేదు. మూడు రోజుల్నించీ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతోంది."

కిటికీ పెట్టకూడదని సుమియేకి ముందే చెప్పి పెట్టారు. గోడ సరిగ్గా హద్దు మీద ఉంది. రేకుల ఖర్చు హమాజీలు పెట్టుకుంటారు, ఆ వైపు గోడకి కిటికీ గాని కంత గాని ఉండకూడదు, అదీ ఒప్పందం. ఫుసా కూడా దాని మీద ముద్ర వేసింది. ఆ సంగతి చెబితే సరిపోయేది. కానీ సుమియే తొందరలో ఉంది. సాయంత్రంలోపు పని ముగించి, ఆడదానికిచ్చినా పని ఆగదని ఇనుబుషికి చూపించాలి. ముసలావిడ బతిమాలుతూ నిలబడితే పని సాగదు. అందుకని నోటికొచ్చింది అనేసింది.

"కిటికీ పెట్టి ఏం లాభం మామ్మగారూ? వచ్చే నెలలోనే ఇక్కడ కొత్త ఇల్లు లేస్తుంది. మీ కిటికీ ఎదురుగా వాళ్ళ గోడే కదా వచ్చేది. ఆ భాగ్యానికి వాననీళ్ళని ఇంట్లోకి పిలుచుకోవడం ఎందుకు?"

అది పచ్చి అబద్ధం. ముందురోజే హమాజి అన్నదమ్ములిద్దరూ ఆ ఖాళీ స్థలం మధ్యలో నిలబడి పోట్లాడుకోవడం ఆమె చూసింది. అన్న అమ్ముదామంటాడు, తమ్ముడు కడదామంటాడు. ఇద్దరూ వకీళ్ళ పేర్లు చెప్పుకుని చెరో దిక్కుకి పోయారు. ఇక్కడ ఇల్లు లేచేసరికి నాకు మునిమనవలు పుడతారని ఇనుబుషి నవ్వాడు. సుమియే కూడా నవ్వింది.

ఫుసా చట్రాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత "నిజమేలే, వానొకటుందిగా" అనుకుంటూ లోపలికి వెళ్ళి, ఎర్ర అల్లం బజ్జీలు నాలుగు కాగితంలో చుట్టి తెచ్చి సుమియే చేతిలో పెట్టింది. పొద్దుగూకేలోపు సుమియే గోడ మొత్తం రేకులతో కప్పేసింది. ఇనుబుషి వచ్చి చూసి, గెన్‌జి ఇక నిశ్చింతగా పడుకోవచ్చన్నాడు.

ఆ నెల గడిచింది. ఆ ఏడూ గడిచింది. స్థలంలో కలుపు మోకాలెత్తు పెరిగింది. ఎవరో దాన్ని కోసి రెండు కార్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎక్కడ పనికి వెళ్ళాలన్నా సుమియే ఆ సందు ముందు నుంచే వెళ్ళాలి. పొద్దున ఎనిమిదింటికి ఎండ వచ్చి ఆ రేకుల మీద పడేది. గోడ మొత్తం కళ్ళు చెదిరేలా మెరిసేది. దానికి జానెడు అవతల, చీకట్లో, లైటు కింద ఫుసా కుడుతూ ఉండేది. చలికాలంలో లోపల మరీ చీకటిగా ఉండి, గుమ్మం తెరిచి మెట్టు మీద కూర్చుని కుట్టేది. వేళ్ళు పగిలి రక్తం కుట్టుకి అంటకుండా ప్రతి వేలికీ గుడ్డపీలిక చుట్టుకునేది. సుమియేని చూస్తే చెయ్యూపేది. ఉంటే ఒక కమలాపండు విసిరేది. కిటికీ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. ఒకసారి మాత్రం, ఈ ఏడైనా కట్టేస్తారేమో, అని తనలో తాను అన్నట్టు అంది.

సుమియే ఆ సందు తప్పించుకుని రెండేళ్ళపాటు చుట్టుదారిలో వెళ్ళింది. తర్వాత మరో రెండేళ్ళు ఆ సందు చూడటానికే చుట్టూ తిరిగి వచ్చేది. పెళ్ళి చేసుకుంది. భర్త సెయిజో సిటీ బస్సు నడిపేవాడు, నెమ్మదైన మనిషి. ఏ ఇంట్లో చేరినా ఆర్నెల్లు తిరిగేసరికి ఈ గోడ బాగాలేదు, ఆ గది ఊపిరాడటం లేదు అని ఆమె సామాన్లు కట్టడం మొదలుపెట్టేది. రోజంతా బండి నడిపి ఇంటికొస్తే ఇల్లే నాకంటే ముందు బయల్దేరుతోందని సెయిజో నవ్వేవాడు. నాలుగో ఇంట్లో నవ్వడం మానేశాడు. ఐదో ఇంటికి రానన్నాడు. పోట్లాట కూడా లేకుండానే విడిపోయారు. గెన్‌జి ఆ మరుసటేడు పోయాడు.

పనిలేని రోజుల్లో ఆమె ఊరు తిరిగేది. ఎక్కడెక్కడ ఇళ్ళు కోశారో చూసేది. ఒకచోట మూడో అంతస్తులో ఒక తలుపు మిగిలి ఉంది, కింద మెట్లు లేవు, తాళం మాత్రం వేసి ఉంది. ఇంకోచోట కాలువ పూడ్చేశారు, వంతెన పిట్టగోడ మాత్రం రోడ్డు పక్కన మొండిగా నిలబడి ఉంది, పిల్లలు దాని మీద కూర్చుని ఐస్ తింటున్నారు. తను కప్పిన గోడలు అన్నీ కలిపి ఎనభై దాకా ఉంటాయి. వాటి ముందు నిలబడితే లోపల ఎవరు ఎక్కడ కూర్చుంటారో, వెలుతురు ఎటునుంచి రావాలో అన్న లెక్కలే తలలో మెదిలేవి. రాత్రికి తన గదిలో పడుకున్నా అవే. ఎంత తిరిగినా మనసు కుదుట పడేది కాదు.

పదకొండేళ్ళు గడిచాయి. అది వానాకాలం. బజ్జీల దుకాణం దగ్గర నిలబడి ఉంటే ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం సుమియే చెవిన పడింది. ఫుసా కుట్టిన గొడుగులు రెండు మూటలు వాపసు వచ్చాయట. కుట్టు వంకరగా పోతోందట, కళ్ళు పోయాయి పాపం అని గొడుగుల వ్యాపారి ఇక గుడ్డ ఇవ్వనన్నాడట. సుమియే బజ్జీలు తీసుకోకుండానే బయటికి నడిచింది. దుకాణంవాడు వెనకనుంచి పిలిచాడు. ఆమెకు వినపడలేదు.

ఫుసా ఇంట్లోనే ఉంది. వాపసు వచ్చిన గొడుగుగుడ్డ ఒకటి ముందు పరచుకుని కుట్టు విప్పుతోంది. సుమియే గుమ్మంలో నిలబడే చెప్పింది.

"మామ్మగారూ, ఆ రోజు నేను మీతో అబద్ధం చెప్పాను."

"ఏ రోజు?"

"ఈ గోడ కప్పిన రోజు. వచ్చే నెల ఇల్లు లేస్తుందన్నాను. లేవదని నాకు తెలుసు."

ఫుసా సూది ఆపలేదు. దారం చివరిదాకా లాగి, పళ్ళతో కొరికి, అప్పుడు తలెత్తింది.

"పదకొండేళ్ళుగా పొద్దున లేస్తూనే ఆ అన్నదమ్ముల్ని తిట్టుకుంటున్నా. పళ్ళు తోముకునేటప్పుడు చిన్నాణ్ణి, బియ్యం కడిగేటప్పుడు పెద్దాణ్ణి. వర్షమొచ్చినా పండగొచ్చినా మానలేదు. మంచి మంచి తిట్లన్నీ వాళ్ళకి పెట్టేశానే. అవన్నీ నీకు రావాల్సినవా?"

"ఇప్పుడు తిట్టండి. నిలబడి ఉంటాను."

"ఇప్పుడు నాకు ఓపిక లేదు. పో. తలుపేసి పో."

సుమియే తలుపు వేసి బయటికి వచ్చింది. వానలో పొద్దుపోయేదాకా తిరిగింది. ఎక్కడ ఆగినా కాళ్ళు ముళ్ళ మీద ఉన్నట్టే ఉంది. క్షమించమనీ అడగలేదు, అడిగినా ఆవిడ క్షమించేది కాదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. సుమియే రేకు కత్తెర, రంపం, సుత్తి పట్టుకుని ఆ ఖాళీ స్థలంలోకి వెళ్ళింది. ఎవర్నీ అడగలేదు. రెండు కార్ల మధ్య నిలబడి, తన చేత్తో కొట్టిన మేకులని తనే ఒక్కొక్కటి పీకింది. మధ్య రేకు కిందికి వాలగానే లోపలి మట్టి కనిపించింది. పాత కంతలో గడ్డి దోపి ఉంది. అక్కడే సుత్తి ఆనించి మెల్లగా ఒకసారి తట్టింది.

గోడకి అవతల నుంచి ఎవరో తట్టారు.

సుమియే ఆగింది. మళ్ళీ తట్టింది. అవతల నుంచి మళ్ళీ తట్టారు, ఈసారి రెండు జానలు కిందుగా. తర్వాత గోడలోంచి ఫుసా గొంతు వినిపించింది.

"అక్కడ కాదే. అంత పైన పెడితే నిలబడి కుట్టాలా నేను? కిందికి రా. ఇంకా. నేను కూర్చుంటే నా భుజం ఎక్కడుంటుందో అక్కడ."

ఇద్దరూ అలా తట్టుకుంటూనే నాలుగు మూలలూ గుర్తు పెట్టుకున్నారు. మధ్యాహ్నానికి సుమియే మట్టి తొలిచి, వెదురు బద్దలు కోసి, చుట్టూ చెక్క కట్టింది. చట్రం ఏదని సుమియే అడగడానికి మొహమాటపడుతుంటే ఫుసా బీరువా వెనకనుంచి దాన్ని లాక్కొచ్చింది. పదకొండేళ్ళ దుమ్ము పట్టి ఉంది. గరుకు అద్దంలో ఒక మూల బీట. బిగించాక ఫుసా దాన్ని తెరిచి చూసి మూసింది, మళ్ళీ తెరిచింది. అప్పటికి సూర్యుడు పడమటికి తిరిగాడు, లోపలికి ఎండ రాలేదు. రేపు పొద్దున చూద్దాంలే అని ఫుసా అంది. నిన్న నిన్ను పొమ్మన్నా గాని అన్నం తినకుండా పొమ్మనలేదు కూర్చో అంది. సుమియే కూర్చుంది గాని తినేసరికి రెండుసార్లు లేచింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వెలుతురు ఎలా వచ్చిందో సుమియే చూడలేదు. ఆ టైముకి ఆమె ఇనుబుషి ముందు నిలబడి ఉంది. ముందురోజు సాయంత్రం హమాజి తమ్ముడు స్థలం చూసుకోవడానికి వచ్చి కిటికీ చూసి, రాత్రికి రాత్రే ఫోను చేశాడు. ఇనుబుషి పెద్దగా అరవలేదు. గెన్‌జి కూతురివి కాబట్టి మాట మర్యాదగా చెబుతున్నాను, నా పనుల్లో ఇక నీ సుత్తి వినపడకూడదు అన్నాడు. ఒప్పందం తప్పిన మనిషికి ఏ మేస్త్రీ పని ఇస్తాడని అడిగాడు. ఆ ఏడూ మరుసటేడూ ఆమె చూరు గొట్టాలు శుభ్రం చేసి, కోళ్ళగూళ్ళకు కప్పులు వేసి గడిపింది.

హమాజి తమ్ముడు మాత్రం ఊరుకోలేదు. కిటికీ పెట్టిన వారమే, ఆదివారం నాడు స్వయంగా వచ్చి, దాన్ని మూయించడానికి సుమియేని పిలిపించాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. ఆయన స్థలంలో నిలబడి అడుగుతుంటే లోపలనుంచి ఫుసా కిటికీ తెరిచింది. మోచేతులు గట్టు మీద ఆనించి ఆయన్ని పైకీ కిందికీ చూసింది.

"నువ్వు చిన్నాడివి కదూ? మీ ఇంట్లోంచి ఈ గోడకేసి బంతి కొట్టేవాడివి. రోజూ సాయంత్రం టప్ టప్ మని. మా ఆయన జ్వరంతో పడుకున్నప్పుడు కూడా మానలేదు. మీ అమ్మకి చెప్పానా ఎప్పుడైనా?"

ఆయన గోడ వైపు చూశాడు.

"చెప్పలేదు. ఆ గోడ మీదీ నాదీ కదా అని ఊరుకున్నా. పదకొండేళ్ళు నిన్ను అన్యాయంగా తిట్టుకున్నాలే, దాన్నీ దీన్నీ కలిపి చెల్లు చేసుకో. కిటికీ వదిలెయ్."

ఆ తిట్ల సంగతి ఆయనకి అర్థం కాలేదు. సుమియే వైపు చూశాడు. సుమియే తల దించుకుంది. ఆయన గోడకి దగ్గరగా వచ్చి, కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, గొడుగుగుడ్డల మధ్య కాసేపు ఏదో వెతికినట్టు చూసి, మా అన్నయ్యతో మాట్లాడాలి అని వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళుగా మాటల్లేని అన్నతో నిజంగానే మాట్లాడాడో లేదో ఎవరికీ తెలియదు. కిటికీ మూయమని మాత్రం మళ్ళీ ఎవరూ రాలేదు.

ఫుసాకి ఇంకో వ్యాపారి రంగు గొడుగుల గుడ్డ ఇచ్చాడు. పొద్దున ఎనిమిదింటి నుంచి పదకొండు దాకా ఎండలో కుట్టేది. అది పధ్నాలుగు నెలలు సాగింది, ఆ రోజుల్లో సుమియే వారానికి రెండుసార్లు అటు వెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి సరిచేసేది. చట్రం బిగుసుకుంటే చెక్క చెక్కేది, పైన వానకి చిన్న రేకు చూరు పెట్టింది, బీట పడ్డ అద్దం మార్చింది. నువ్వు వస్తే కిటికీకి కూడా గుండె దడ వస్తోంది అమ్మాయ్ అని ఫుసా విసుక్కునేది. నిజమే, అంత పని చేసినా సుమియేకి ఊరట దొరకలేదు. ఈ వెలుతురు ఎప్పుడో పోతుందన్న భయం ఇప్పుడు కొత్తగా పట్టుకుంది.

పోనే పోయింది. అన్నదమ్ములు రాజీపడి స్థలం అమ్మేశారు. కొన్నవాళ్ళు నాలుగంతస్తుల సన్నటి మేడ మొదలుపెట్టారు. గొట్టాల పరంజా లేచింది, దాని మీద వల కప్పారు. వల తీసేసరికి ఫుసా కిటికీకి మూరెడు దూరంలో బూడిదరంగు కాంక్రీటు గోడ, నాలుగంతస్తుల ఎత్తున. కిటికీ తెరిచి చెయ్యి చాపితే గోడ తగులుతుంది. లోపల మళ్ళీ సాయంకాలమైంది.

సుమియే ఆ రోజు ఫుసా ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఫుసా లైటు వేసుకుని కూర్చుని ఉంది.

"నువ్వు చెప్పింది నిజమేనే," అంది ఫుసా. "కాకపోతే వచ్చే నెల అన్నావు. పన్నెండేళ్ళు ముందుగా చెప్పావు."

ఆ మాటకి సుమియేకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి పైకి చూసింది. రెండు గోడల నడుమ ఆకాశం ఒక తెల్లటి దారంలా కనిపించింది. ఫుసా ఇంటి కప్పు దాటాక ఎదుటి మేడ గోడ పై సగానికి మధ్యాహ్నపు ఎండ తగులుతోంది. పడమటి నుంచి, ఫుసా కప్పు మీదుగా వచ్చి. అక్కడ ఆగిపోతోంది. సుమియే మెడ నొప్పి పుట్టేదాకా అలాగే చూసింది. తర్వాత ఫుసాకి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

పని పోయిన రెండేళ్ళకి మొదటిసారి ఇనుబుషి గుమ్మం తొక్కింది. ఆ మేడ కట్టించింది ఆయనే. ఎదుటి గోడకి, ఎవరూ చూడని ఆ సందులో, రెండు రేకులు బిగిస్తాను, మేడవాళ్ళని అడిగి పెట్టమంది. ఆయన దేనికని అడిగాడు. వెలుతురు దించడానికి అంది. ఇనుబుషి చాలాసేపు సిగరెట్టు కాల్చాడు.

"ఎండ ఏమైనా వాననీరా, గొట్టం పెట్టి దించడానికి?"

"దించుతాను. దిగకపోతే రేకులు పీకేస్తాను."

"గెన్‌జికి ఇంత పిచ్చి ఉండేది కాదు," అని ఆయన ఫోను అందుకున్నాడు. ఆ సందులో ఏం పెట్టుకున్నా మాకు కనపడదు, పెట్టుకోనీ అని మేడవాళ్ళు అన్నారట.

మూరెడు సందులో పక్కకి తిరిగి తప్ప నడవలేరు. సుమియే బక్కపలచని మనిషి కాబట్టి దూరగలిగింది. వీపు ఒక గోడకి, మోకాళ్ళు ఇంకో గోడకి ఆనించి, నిచ్చెన పట్టని చోట పాక్కుంటూ ఎక్కింది. కొత్త అల్యూమినియం రేకు ఒకటి పైన, ఎండ తగిలే చోట, కిందికి వంచి బిగించింది. ఇంకొకటి కిటికీకి ఎదురుగా ఏటవాలుగా పెట్టింది. మొదటి రోజు వెలుతురు ఫుసా కప్పు చూరుకి తగిలి అక్కడే పోయింది. రెండో రోజు పక్కింటి గొట్టం మీద పడింది. వంచడం, దిగడం, చూడటం, మళ్ళీ ఎక్కడం. నాలుగో రోజు మధ్యాహ్నం రెండున్నరకి లోపలి నుంచి ఫుసా కేక వేసింది. వచ్చింది అని మాత్రమే అంది.

దుప్పటి మడతంత వెడల్పున లేత వెలుతురు చాప మీద పరుచుకుని ఉంది. నేరుగా పడే ఎండలా కళ్ళల్లో గుచ్చుకోవడం లేదు. ఫుసా తన మెత్త అందులోకి జరుపుకుని కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది, మొదటిసారికే. పావుగంటకి వెలుతురు జరిగింది. ఫుసా కూడా మెత్తతో సహా జరిగింది. మూడున్నరకి అది బీరువా మీదికెక్కి పోయింది.

"నీ జబ్బు నాకు అంటించావు," అంది ఫుసా. "ఇంట్లో ఒకచోట కూర్చునేదాన్ని. ఇప్పుడు దీని వెంట పరిగెత్తాలి."

ఎండాకాలంలో అది గంటన్నర ఉండేది, చలికాలంలో అరగంట. మబ్బు పట్టిన రోజున రాదు. దగ్గర్లోని రైలు పట్టాల దుమ్ముకి రేకులు ఏడాదికల్లా మసకబారేవి, సుమియే ప్రతి వసంతంలో మార్చేది. అలా ఆరేళ్ళు. ఇనుబుషి ఆమెకి మళ్ళీ గోడలు ఇవ్వడం మొదలుపెట్టాడు. పని చెప్పినప్పుడల్లా, కిటికీల సంగతి ముందే మాట్లాడుకుని రా తల్లీ, నాకు ముసలితనంలో గొడవలొద్దు అనేవాడు. ఆమె మాట్లాడుకునే వెళ్ళేది. స్థలంవాళ్ళు పదింట ఒకరు ఒప్పుకునేవాళ్ళు. ఒప్పుకోని చోట ఒప్పందం ఇదీ అని ఇంట్లోవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పేది. తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళు.

ఫుసా ఎనభై ఒకటో ఏట, చలికాలంలో, వారం రోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది. చివరి రెండు రోజులూ సుమియే పక్కనే ఉంది. ఫుసా ఎక్కువ మాట్లాడలేదు. ఒకసారి మాత్రం కళ్ళు తెరిచి, అక్కడ కూర్చో, అలా తచ్చాడకు, నర్సులు నిన్నే రోగి అనుకుంటున్నారు అంది. సుమియే కూర్చుంది. కూర్చునే ఉంది, చాలాసేపు.

ఫుసా మేనకోడలు వాకయామా నుంచి వచ్చి వాటా అమ్మేసింది. ఆ వసంతంలోనే దాన్ని కోశారు. వరసలో ఇక మిగిలింది రెండు వాటాలు. నాలుగోదాంట్లో ఉండే అతను మత్సునాగా, ముప్పై అయిదేళ్ళవాడు, రొట్టెల కార్ఖానాలో రాత్రి పని. అతని తూర్పు గోడ ఇప్పుడు బయటపడింది. ఫుసా ఇంటి మెట్ల జాడ, బీరువా ఆనిన చోట మాయని మట్టిరంగు దాని మీద ఉన్నాయి. ఆ గోడ కప్పే పని సుమియేకే వచ్చింది. స్థలం కొన్నవాళ్ళు ఈసారి మంచివాళ్ళు. కట్టడం మొదలుపెట్టడానికే ఐదారేళ్ళు పడుతుంది, ఈలోపు కిటికీ కావాలంటే పెట్టుకోమనండి అన్నారు.

సుమియే పొద్దున తొమ్మిదింటికే అతని తలుపు తట్టింది. మత్సునాగా నిద్రమొహంతో, జుట్టులో ఇంకా పిండి అంటుకుని ఉండగా వచ్చి తీశాడు. మీరు ఇంట్లో ఎటువైపు కూర్చుంటారు, కిటికీ ఎంత ఎత్తున ఉండాలి అని ఆమె గబగబా అడిగేసింది. అతను ఆమె చేతిలో కొలతపట్టీ వంక, బయట ఎండ వంక చూసి కళ్ళు నులుముకున్నాడు.

"అక్కా, నేను పొద్దున ఎనిమిదింటికి పడుకుని నాలుగింటికి లేస్తాను. ఈ ఇల్లు అద్దెకి తీసుకుందే చీకటిగా ఉంటుందని. పక్కవాటా కోసేటప్పుడు మట్టి ఊడిన దగ్గర్నుంచి మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు. దయచేసి ఎంత వీలైతే అంత గట్టిగా మూసెయ్యండి."

సుమియే కొలతపట్టీ జేబులో పెట్టుకుంది. చప్పుడు చేస్తే మీకు నిద్ర పట్టదు, నాలుగింటి తర్వాత రానా అంది. సాయంత్రం వచ్చి, అతను లేచి పళ్ళు తోముకుంటుండగా మొదలుపెట్టి, అతను పనికి బయల్దేరే వేళకి ఒక్క కంత కూడా లేకుండా కింది నుంచి పైదాకా రేకులు కప్పేసింది. అతను వెళ్తూ వెళ్తూ లోపలికోసారి తొంగిచూసి, చేయెత్తి దణ్ణం పెట్టాడు. నిచ్చెన భుజాన వేసుకుని ఆమె ఇంటికి నడిచింది. అది ఆమె తొమ్మిదో ఇల్లు. ఆ నెలాఖరుకి దాన్ని కూడా ఖాళీ చేసింది.